కొండల మీద మచ్చలు: నీలగిరి నుంచి వయనాడు దాకా

కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి నీలగిరులు పరాయి చోటు కాదు. ఎండలు ముదిరితే చాలు, పులిహోర కట్టుకుని తెల్లారకముందే మేట్టుపాళయం చేరడం, బొమ్మ రైలెక్కి ఊటీ వెళ్ళడం, సాయంత్రానికి నీలగిరి తైలం సీసా, క్యారెట్ల సంచీ పట్టుకుని దిగిరావడం మనలో చాలామందికి అలవాటే. ఈమధ్య ఆ అలవాటుకి ఇంకొకటి తోడయింది. ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్ళు కూనూరు, కోత్తగిరి చుట్టుపక్కల చిన్న స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకోవాలని ముచ్చటపడుతున్నారు.

మా తమ్ముడిదీ అదే ముచ్చట. కూనూరుకీ కేత్తికీ మధ్య పది సెంట్ల స్థలం బేరానికి వచ్చిందని, చూసి చెప్పమని నన్ను రమ్మన్నాడు. వాడి కొడుకు హైదరాబాదులో ఉపగ్రహ చిత్రాలు చదివే పని నేర్చుకున్నవాడు. సెలవుకి వచ్చాడు గనక వాణ్ణీ వెంటబెట్టుకున్నాం. 2025 ఫిబ్రవరిలో అలా ముగ్గురం బయల్దేరాం. నేను మాత్రం, పైదాకా వచ్చాం గదా, గూడలూరు మీదుగా వయనాడు కూడా చూసి వద్దామని ముందే షరతు పెట్టాను.

మేట్టుపాళయం స్టేషను సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉంది. ఊటీ స్టేషను ఎత్తు 2,203 మీటర్లు. మధ్య దూరం 46 కిలోమీటర్లే. కూనూరు దాకా రైలు 1899లో నడిచింది, ఊటీ దాకా 1908లో. కల్లారు దాటాక పట్టాల మధ్య పళ్ళ చట్రం మొదలవుతుంది. 12 అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకి ఎక్కే దారి అది. ఇంజను పళ్ళ చక్రం దాన్ని పట్టుకుని ఒక్కొక్క పన్నూ ఎక్కుతుంది. 2005లో యునెస్కో వారు ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఇవన్నీ మనకి తెలిసిన విశేషాలే. ఈసారి పక్కన మేనల్లుడు కూర్చోవడంతో కిటికీలోంచి ఇంకో రకంగా చూడవలసి వచ్చింది. "అత్తయ్యా, ఆ పచ్చదనం మధ్య లేతగా ఒక చార కనిపిస్తోంది చూడు. చుట్టూ ముదురు చెట్లు, అక్కడ మాత్రం లేత పొదలు. ఎప్పుడో మట్టి జారిన చోటది" అన్నాడు. ఒకటి చూపించాక కన్ను అలవాటు పడింది. కూనూరు చేరేలోగా అలాంటివి నేనే అరడజను లెక్కపెట్టాను.

రోడ్డు మార్గంలో బర్లియారు దాటాక మరప్పాలం అనే చోటుంది. అరవంలో ఆ మాటకి చెక్క వంతెన అని అర్థం. 1993 నవంబరులో కుండపోత వానకి అక్కడ కొండ విరిగి, రోడ్డుని, ఇళ్ళని లోయలోకి ఈడ్చుకుపోయి ఎందరినో పొట్టన పెట్టుకుంది. అంతకు మూడేళ్ళ ముందు, 1990 అక్టోబరులో, గెద్దై దగ్గర అలాంటి ఘోరమే జరిగింది. 2009 నవంబరు నాటిది అన్నిటికన్నా పెద్దది. ఆ నెల 10న ఒక్క కేత్తిలోనే 24 గంటల్లో 820 మిల్లీమీటర్ల వాన నమోదయింది. కోయంబత్తూరులో ఏడాది పొడుగునా పడే వాన కూడా సాధారణంగా అంత ఉండదు. కొద్ది రోజుల వ్యవధిలో జిల్లాలో వెయ్యికి పైగా చోట్ల మట్టి జారింది. 40 మందికి పైగా చనిపోయారు.

ఈ కొండలు ఎందుకిలా జారతాయి? అడుగున ఉన్న రాయి చార్నకైట్ అనే గట్టి రాయే. అయితే లక్షల ఏళ్ళుగా ఎండకీ వానకీ ఆ రాయి పైభాగం కుళ్ళి, మెత్తని బంకమట్టిగా మారింది. కొన్ని చోట్ల ఆ మట్టి పదుల మీటర్ల మందం ఉంటుంది. వాన నీరు అందులోకి ఇంకి, బయటికి పోయే దారిలేక నిలిస్తే, మట్టి రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి పట్టు సడలుతుంది. దానికి తోడు రోడ్డు కోసమో ఇంటి కోసమో కింద వాలుని నిలువుగా నరికితే, పైనున్న మట్టికి ఆనిక పోతుంది. నీళ్ళు పోయే చిన్న వంకని పూడిస్తే ఆ నీరు మట్టిలోకే దిగుతుంది. కొండకి బరువూ మనమే పెడతాం, ఆధారమూ మనమే తీసేస్తాం.

కూనూరులో కారు మాట్లాడుకుని స్థలం దగ్గరికి వెళ్ళాం. చూడగానే ఎవరికైనా నచ్చే చోటు. వెనక తేయాకు తోట, ముందు లోయ, ఎడమ చేతి వైపు చిన్న నీటి ఊట. స్థలం మాత్రం రెండు గట్ల మధ్య దోసిలిలా కాస్త లోపలికి ఉంది. తమ్ముడి ముఖం వెలిగిపోయింది. అమ్మే ఆయన, "ఇక్కడ నీళ్ళకి కరువే లేదు సార్" అని ఊటని మరీ మరీ చూపించాడు.

మేనల్లుడు కారు బానెట్ మీద కంప్యూటరు పెట్టి రెండు చిత్రాలు తెరిచాడు. రెండూ ఆ చోటువే. ఒకటి 2010 తొలినాళ్ళది, రెండోది కొత్తది. ఉపగ్రహంలో కెమెరా మన కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా పట్టుకుంటుందట. పచ్చని ఆకు ఆ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. అందుకని ఆ చిత్రాల్లో చెట్టూ చేమా ఎర్రగా, ఒట్టి నేల పాలిపోయినట్టు కనిపించేలా రంగులు వేస్తారు. కొత్త చిత్రంలో తోటంతా ఎర్ర తివాచీ పరిచినట్టుంది. 2010 చిత్రంలో సరిగ్గా మేము నిలబడ్డ దోసిలి మీదుగా, పై గట్టు నుంచి కింది వంక దాకా, తెల్లని చార ఒకటి గోటితో గీసినట్టు కనిపించింది.

"వానకి ముందు చిత్రం, వాన తర్వాత చిత్రం పక్కపక్కన పెట్టి చూస్తే జారిన చోటల్లా ఇలా బయటపడుతుంది. వాలు ఎంత నిటారుగా ఉందో కూడా పైనుంచే లెక్కగట్టొచ్చు. 2005లో పంపిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలు ఉండేవి. మన రెండు కళ్ళలాగ ఒకటి కాస్త ముందుకి, ఒకటి కాస్త వెనక్కి చూసేవి. ఆ రెండు చూపుల తేడాని బట్టి ఎత్తుపల్లాలు తెలుస్తాయి" అని వివరించాడు.

అమ్మే ఆయన ఆ చార నీడ అయ్యుంటుందన్నాడు. ఈలోగా తోటలో ఆకు కోస్తున్న ఒక ముసలావిడ గంప దించుకుని మా దగ్గరికి వచ్చింది. ఏం చూస్తున్నారని అడిగింది. నేను అరవంలో, "ఇక్కడ ఎప్పుడైనా మన్ను జారిందా, అమ్మా?" అన్నాను. "జారకేం? పెద్ద వాన కురిసిన ఏడు ఆ పైనున్న రెండు వరసల చెట్లు ఇక్కడికి వచ్చి పడ్డాయి. అప్పటిదాకా ఆ ఊట అక్కడ లేదు" అంది. అమ్మే ఆయన మాట్లాడలేదు. తమ్ముడూ మాట్లాడలేదు. వాడు ఆలోచించుకుని చెబుతానని నంబరు తీసుకున్నాడు.

ఆ రాత్రి ఊటీలో బస. ఊటీకి పాతిక కిలోమీటర్లకి పైచిలుకు దూరంలో అవలాంచ్ అనే చెరువుంది. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో అక్కడ పెద్ద కొండచరియ విరిగిపడింది. దాన్నిబట్టే ఆంగ్లేయులు ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఆ మాటకి కొండ మీంచి పెళ్ళలుగా దొర్లిపడటం అని అర్థం. 2019 ఆగస్టులో అక్కడే ఒక్కరోజులో 900 మిల్లీమీటర్లకి పైగా వాన పడింది. రెండు వందల ఏళ్ళుగా ఊరి పేరులోనే హెచ్చరిక ఉంది. సెలవులకి వెళ్ళే మనం దాన్ని అందమైన పేరనుకుంటాం.

మర్నాడు పైకారా, నడువట్టం మీదుగా గూడలూరు దిగి, పందలూరు, చేరంబాడి దాటి కేరళలో మేప్పాడి చేరాం. ఆ దారిలో ఎక్కడ నీలగిరి అయిపోయి ఎక్కడ వయనాడు మొదలయిందో చెప్పడం కష్టం. అదే తేయాకు, అదే ఎర్రమట్టి, అదే పొగమంచు. పలకల మీద అక్షరాలే మారాయి. మేప్పాడి నుంచి చూరల్‌మల దగ్గరే.

2024 జులై 30 తెల్లవారుజామున జరిగినదాన్ని మనమంతా టీవీల్లో చూశాం. పుంచిరిమట్టం పైన కొండ విరిగి, ముండక్కై, చూరల్‌మల ఊళ్ళని చిన్న ఏటి వెంట తుడిచిపెట్టింది. 250 మందికి పైగా చనిపోయారు. చలియారు నదిలో కొట్టుకుపోయిన దేహాలు మలప్పురం జిల్లాలో తేలాయి. మలయాళంలో ఇలాంటి ఉత్పాతాన్ని ఉరుళ్‌పొట్టల్ అంటారు. దొర్లుకుంటూ బద్దలవడం అన్నమాట. మన మాటలో చరియ విరగడమే ఉంది. వాళ్ళ మాటలో ఆ చరియ రాళ్ళతో, నీళ్ళతో, చెట్లతో కలిసి పరుగెత్తడం కూడా ఉంది.

సైన్యం రాత్రీ పగలూ శ్రమించి కట్టిన 190 అడుగుల ఇనుప వంతెన కనిపించే దాకా వెళ్ళి ఆగిపోయాం. అవతలికి పోవడానికి అనుమతి లేదు, మాకు మనసూ రాలేదు. అది వేడుక చూసే చోటు కాదు. ఏటికి రెండు పక్కలా ఇళ్ళంత బండలు పడి ఉన్నాయి. మేప్పాడిలో టీ కొట్టు నడిపే ఆయన, "ఇప్పుడు రాత్రి వాన పడితే ఇక్కడ ఎవరూ పడుకోరు" అన్నాడు. అంతకుమించి మేమూ అడగలేదు.

హైదరాబాదు బాలానగర్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది. ఇస్రోలో భాగం. ఉపగ్రహాలు పంపే సమాచారం షాద్‌నగర్ దగ్గరున్న వారి కేంద్రంలో దిగుతుంది. వయనాడు ప్రమాదం జరిగిన మర్నాడే, 31న, మబ్బుల్లోంచి చూడగల రీశాట్ రాడారుతోనూ, కార్టోశాట్-3 కెమెరాతోనూ ఆ చోటుని చిత్రించారు. కొండ విరిగిన అంచు 1,550 మీటర్ల ఎత్తున ఉందని, జారిన ముక్క వైశాల్యం 86,000 చదరపు మీటర్లని, బురద సుమారు 8 కిలోమీటర్లు ప్రవహించిందని లెక్కగట్టారు. సహాయానికి వెళ్ళినవారికి ఆ చిత్రాలే పటాలయ్యాయి.

ఆ నివేదికలో ఇంకో వాక్యం కూడా ఉంది. అదే చోట పాత చరియ ఆనవాలు ఉందని, 2023లో ఆ సంస్థే ప్రచురించిన భారతదేశ కొండచరియల అట్లాసులో అది నమోదై ఉందని. ఆ అట్లాసులో 1998 నుంచి 2022 దాకా 17 రాష్ట్రాల్లో, 2 కేంద్రపాలిత ప్రాంతాల్లో జారిన సుమారు 80,000 చోట్లని గుర్తించారు. ముప్పు ఎక్కువగా ఉన్న 147 జిల్లాలకి వరస సంఖ్యలిచ్చారు. ఉత్తరాఖండ్‌లోని రుద్రప్రయాగ మొదటిది, టెహ్రీ గఢ్వాల్ రెండోది. వయనాడు 13వది.

అంటే పైనుంచి చూసే కన్ను ఆ మచ్చని మరిచిపోలేదు. కింద ఊళ్ళోవాళ్ళకీ గుర్తుంది. 1984లో ముండక్కై దగ్గర కొండ విరిగి 14 మంది పోయారు. 2020 ఆగస్టులో పుంచిరిమట్టంలో మళ్ళీ విరిగింది. 2019లో పక్కనే ఉన్న పుత్తుమలలో 17 మంది పోయారు. ఎవరివో గుర్తుపట్టలేని 2024 నాటి దేహాలని అంకెలు రాసిన రాళ్ళ కింద పాతిపెట్టింది ఆ పుత్తుమలలోనే. కొండకి గుర్తుంది, ఉపగ్రహానికి గుర్తుంది, ముసలివాళ్ళకి గుర్తుంది. ఈ మూడూ ఒకచోట కలవలేదు.

కలిస్తే ఏమవుతుందో కూడా వయనాడులోనే తెలుస్తుంది. కల్పెట్టలో హ్యూమ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ ఉంది. జిల్లా అంతటా సుమారు 200 చోట్ల రైతులూ తోటలవాళ్ళూ రోజూ వానని కొలిచి వారికి పంపుతారు. ఇంత మట్టికి ఇన్ని రోజుల్లో ఇంత వాన పడితే ప్రమాదమని వారికి ఒక లెక్క ఉంది. 2020లో ముందుగా కుటుంబాలని తరలించడం వల్ల ప్రాణాలు దక్కాయి. 2024లోనూ జులై 29 ఉదయమే వారు హెచ్చరిక పంపారు. ఆ రాత్రికి ఊరు ఖాళీ కాలేదు.

ఉపగ్రహాలతో ముందే తెలుసుకోలేమా అని తిరుగు దారిలో తమ్ముడు అడిగాడు. మేనల్లుడు చెప్పిన జవాబు మన పాఠకులకి కూడా పనికొస్తుంది. కొండలు రెండు రకాలుగా కదులుతాయి. కొన్ని నెమ్మదిగా, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున పాకుతాయి. వీటిని రాడారు ఉపగ్రహం పట్టుకోగలదు. అది పంపిన తరంగం నేలని తాకి తిరిగి వస్తుంది. మళ్ళీ కొన్ని రోజులకి అదే చోటి నుంచి పంపిన తరంగం తిరిగి వచ్చే తీరుని మొదటిదానితో పోలుస్తారు. నేల సెంటీమీటరు కదిలినా తరంగం అడుగు తప్పుతుంది. ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో ఇళ్ళు బీటలు వారినప్పుడు, 2022 డిసెంబరు 27 నుంచి 2023 జనవరి 8 లోగా ఆ ఊరి నేల 5.4 సెంటీమీటర్లు కుంగిందని హైదరాబాదు శాస్త్రజ్ఞులు కనిపెట్టింది ఇలాగే.

రెండో రకం వయనాడు రకం. నిన్నటిదాకా కదలని కొండ, రెండు రోజుల వానకి తడిసి, నిమిషాల్లో విరుగుతుంది. దాన్ని పన్నెండు రోజులకోసారి వచ్చే ఉపగ్రహం ముందుగా చూడలేదు. ఆ కొండ అంతకుముందు ఎప్పుడు, ఎక్కడ విరిగిందో మాత్రం చెప్పగలదు. మిగతాది వాన కొలిచేవాడు చెప్పాలి, విన్నవాడు కదలాలి.

మేము తిరిగి వచ్చిన కొన్ని నెలలకి, 2025 జులై 30న, శ్రీహరికోట నుంచి నైసార్ ఉపగ్రహం వెళ్ళింది. అమెరికా వారి నాసా, మన ఇస్రో కలిసి చేసినది. అందులో రెండు రాడార్లున్నాయి. నాసా వారి దాని తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. పొట్టి తరంగాలు ఆకుల దగ్గరే చెదిరిపోతాయి, పొడుగు తరంగం ఆకుల సందుల్లోంచి నేలని తాకుతుంది. దట్టమైన అడవులూ తోటలూ కప్పుకున్న మన పడమటి కనుమలకి అలాంటిదే కావాలి. 12 రోజులకోసారి అదే చోటికి తిరిగి వచ్చేలా దాని దారి నిర్ణయించారు. అది వెళ్ళిన రోజుకి వయనాడు ప్రమాదం జరిగి సరిగ్గా ఏడాది. మహారాష్ట్రలో పుణె జిల్లా మాళిణ్ గ్రామం 150 మందికి పైగా మనుషులతో మట్టిలో కలిసింది కూడా జులై 30నే, 2014లో. ఆ ఊరు కనిపించడం లేదని బయటివాళ్ళకి మొదట చెప్పింది పొద్దున్నే అక్కడికి బస్సు తెచ్చిన డ్రైవరు.

మా తమ్ముడు ఆ స్థలం కొనలేదు. పై గట్టు మీద ఇంకొకటి చూస్తానని అంటున్నాడు. ఈసారి బయానా మాటకి ముందే పాత చిత్రాలు చూపించమని కొడుకుని అడిగాడు. మాకు చూపించబోయిన స్థలం ఇంకెవరికైనా చూపిస్తారు కదా అన్న దిగులు నాకు ఇప్పటికీ పోలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

మన పత్రిక చదివే కుటుంబాల్లో ఎందరో కొండల దగ్గర ఉన్నవారే. 2018లో కొడగు, 2024లో ఉత్తర కన్నడ జిల్లా శిరూరు, కోరాపుట్ ఘాట్లు, సహ్యాద్రి పల్లెలు, ఏదీ మనకి దూరం కాదు. కొండ మీద స్థలం కొనేవారు ఇస్రో వారి భువన్ పటాలనీ, కొండచరియల అట్లాసునీ తెలిసినవారి చేత చూపించుకోండి. దోసిలిలా లోపలికి ఉన్న చోటు, వంక నోరు, నిలువుగా నరికిన గట్టు కింద ఇల్లు వద్దు. కొత్తగా పుట్టిన ఊటని అదృష్టమనుకోకండి.

ఇప్పటికే అక్కడ ఉంటున్నవారు వానాకాలంలో గోడల్లో, నేలలో కొత్త బీటలు, వంగిన చెట్లు, స్తంభాలు, ఉన్నట్టుండి బిగుసుకుపోయిన తలుపులు కనిపెట్టి ఉండాలి. వాన జోరుగా పడుతుండగా వాగు హఠాత్తుగా తగ్గినా, బురదగా మారినా, పైన ఎక్కడో అడ్డుపడిందని అర్థం. ఆలోచించకుండా ఇల్లు విడిచి, వాగు వెంట కిందికి కాకుండా పక్కకి, ఎత్తుకి వెళ్ళాలి.

సరుకుల జాబితాలో ఒక వాన కొలిచే పాత్ర కూడా రాసుకోండి, ఖరీదు పెద్దగా ఉండదు. కొండ ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి పెద్దవాళ్ళతో కాసేపు కూర్చుని, ఈ కొండ ఎప్పుడు జారిందని అడగండి. వాళ్ళు చెప్పింది పిల్లల చేత రాయించి పెట్టండి.